మోటారుతో జరిగే అబ్జర్వేటరీ కప్పు ఏ పరిస్థితిలోనైనా మూసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మేడ మీద పది అడుగుల గది, దానిపైన చక్రాల మీద పక్కకు జరిగే రేకు కప్పు, లాగడానికి ఒక గేటు మోటారు: ఇంటి అబ్జర్వేటరీకి (ఆకాశాన్ని చూసే టెలిస్కోపు గదికి) ఇంతకంటే తేలికైన కట్టుబడి లేదు. ఈ పేజీలోని లెక్కలన్నీ 3 మీటర్ల చదరపు గదికి, 250 కిలోల కప్పుకి, 24 వోల్టుల డీసీ గేటు మోటారుకి వేసినవి. మీ కప్పు బరువు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

మంచి మోటారే కొన్నాను. ఇంకా బ్యాకప్ దేనికి?

కప్పు మూసుకోకుండా నిలిచిపోయినప్పుడు మోటారు కాలిపోయి ఉండటం అరుదు. కంప్యూటర్ అర్ధరాత్రి అప్‌డేట్ కోసం తనంతట తానే రీస్టార్ట్ అయి ఉంటుంది. లేదా యూఎస్‌బీ వైరు వదులై ఉంటుంది, టెలిస్కోపు పార్క్ కాకుండా (విశ్రాంతి స్థానానికి చేరకుండా) సగంలో ఆగి ఉంటుంది, కప్పుని చివర ఆపే లిమిట్ స్విచ్‌లో చీమలు గూడు పెట్టి ఉంటాయి, పట్టా మీద గులకరాయి పడి ఉంటుంది. ఇవేవీ మోటారు నాణ్యతతో తీరేవి కావు.

అందుకే డిజైన్ మొదలుపెట్టేటప్పుడే ఒక నియమం పెట్టుకోండి. కప్పు తెరవడానికి ఎన్ని షరతులైనా పెట్టవచ్చు: కంప్యూటర్ నడుస్తుండాలి, ఆకాశం తేటగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, మౌంట్ (టెలిస్కోపుని మోసి తిప్పే స్టాండు) పార్క్‌లో ఉండాలి. మూయడానికి మాత్రం వీలైనంత తక్కువ వాటి మీద ఆధారపడాలి. ఇంటర్నెట్ లేకపోయినా, కంప్యూటర్ లేకపోయినా, కరెంటు లేకపోయినా మూసుకోవాలి. ఆఖరికి మోటారే లేకపోయినా మనిషి చేత్తో మూయగలగాలి. కింది జవాబులన్నీ ఈ నియమం నుంచి వచ్చినవే.

కరెంటు పోయినప్పుడు కప్పు మూయడానికి ఎంత బ్యాటరీ కావాలి?

అనుకున్నదానికంటే చాలా తక్కువ. 24 వోల్టుల మోటారు కదిలేటప్పుడు సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది, మొదటి క్షణంలో 10–12. కప్పు మూసుకోవడానికి 30 సెకన్లు పడితే ఖర్చయ్యేది 0.042 ఆంపియర్ అవర్లు. రెండు 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీలు సీరీస్‌లో కలిపితే కప్పు కొన్ని పదులసార్లు తిరుగుతుంది.

కాబట్టి సామర్థ్యం గురించి బెంగ అక్కర్లేదు, చూడాల్సింది బ్యాటరీ ఆరోగ్యం. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగమవుతుంది. మే నెలలో రేకు కింద పెట్టెలో ఉడికే బ్యాటరీ డబ్బా మీద రాసినన్నాళ్ళు పనిచేయదు. గదిలో నేలకు దగ్గరగా, ఎండ తగలని గోడ పక్కన పెట్టండి. ఛార్జర్ ఫ్లోట్ వోల్టేజీ (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచేది) రెండింటికీ కలిపి 27.0 నుంచి 27.6 మధ్య ఉండాలి. రెండేళ్ళకోసారి రెండూ కలిపే మార్చండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది జత చేస్తే కొత్తది కూడా త్వరగా పోతుంది.

ఊరికే ఉన్న బ్యాటరీకి మీటరు పెడితే 25 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. ఛార్జర్ తీసేసి, కప్పు కదులుతుండగా చూడండి. 22 కంటే కిందికి పడితే మార్చే సమయం వచ్చినట్టే.

బ్యాటరీ టెర్మినల్ పక్కనే 15 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు ఉండాలి. వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది వాడండి. బ్యాటరీని కింది అంతస్తులో పెట్టి 20 మీటర్ల వైరు లాగితే స్టార్టింగ్‌లో మూడున్నర వోల్టుల దాకా దారిలోనే పోతుంది, మోటారు మూలుగుతూ నిలబడుతుంది. బ్యాటరీ మోటారు దగ్గరే ఉండాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా, అది చాలదా?

230 వోల్టుల ఏసీ మోటారు అయితే ఇన్వర్టర్ తప్పనిసరి అవుతుంది, కానీ అదొక్కటే ఉంటే చాలదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ మోటార్లు వేడెక్కుతాయి, గుర్రుమంటాయి. సైన్ వేవ్‌దే కావాలి. 370 వాట్ల మోటారు స్టార్టింగ్‌లో మూడు నాలుగు రెట్లు లాగుతుంది కాబట్టి అదే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తుంటే ఓవర్‌లోడ్‌కి ట్రిప్ అవుతుంది. ఇంకో సంగతి: ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకపోతే మారే ఆ కొద్ది సమయంలోనే కంప్యూటర్ ఆగిపోతుంది. ఫ్యాన్ ఆగలేదు కదా అని ఎవరూ గమనించరు, పైన మౌంట్ మాత్రం కనెక్షన్ పోగొట్టుకుని ఉంటుంది.

కొత్తగా కొనేవారికి మా సలహా 24 వోల్టుల డీసీ మోటారే.

గేటు మోటారు బోర్డులో మార్చాల్సిన సెట్టింగులు ఏవి?

గేటుకి మంచివైన అలవాట్లు కొన్ని కప్పుకి ప్రమాదం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి ఓపిగ్గా చదవండి.

మొదటిది ఆటో క్లోజ్. గేటు తెరిచిన కాసేపటికి తనంతట తాను మూసుకునే సౌకర్యం. కప్పుకి ఇది ఆన్‌లో ఉంటే ఫొటో తీస్తున్న టెలిస్కోపు మీదికే కప్పు వచ్చేస్తుంది. పూర్తిగా ఆఫ్ చేయండి.

రెండోది ఒకే బటన్ పద్ధతి. చాలా బోర్డుల్లో ఒక పల్స్ ఇస్తే తెరుచుకుంటుంది, ఇంకోటి ఇస్తే ఆగుతుంది, ఇంకోటి ఇస్తే మూసుకుంటుంది. వాన సెన్సర్‌ని ఈ టెర్మినల్‌కి కలిపితే అప్పటికే మూసి ఉన్న కప్పు చినుకు పడగానే తెరుచుకుంటుంది! తెరవడానికి, మూయడానికి వేర్వేరు టెర్మినళ్ళున్న బోర్డే కొనండి. ఉన్న బోర్డుతోనే సర్దుకోవాలంటే, పల్స్ ఇచ్చే ముందు లిమిట్ స్విచ్ చదివి కప్పు ఎక్కడుందో తెలుసుకోవాలి, ఇచ్చాక 40 సెకన్లలో రెండో స్విచ్ తగిలిందో లేదో చూడాలి.

మూడోది అడ్డు తగిలితే వెనక్కి వెళ్ళే గుణం. గేటు కింద పిల్లవాడుంటే అది ప్రాణం కాపాడుతుంది. కప్పు విషయంలో చిన్న రాయి తగిలినా పూర్తిగా తెరుచుకుని వానలో అలాగే నిలబడుతుంది. వీలైతే "ఆగడం" మాత్రమే ఎంచుకోండి. ఆ ఎంపిక లేకపోతే కంట్రోలర్ (మోటారు బోర్డుకి ఆదేశాలిచ్చే చిన్న సర్క్యూట్) 10 సెకన్లు ఆగి మళ్ళీ మూయాలి, మూడుసార్లు విఫలమైతే సైరన్ మోగించాలి. బలం ఎంత పెట్టాలో ఊహించకండి. సామాను తూచే వేలాడే త్రాసు కప్పుకి తగిలించి లాగి చూడండి. 250 కిలోల కప్పుకి పట్టాలు శుభ్రంగా ఉంటే 8 నుంచి 13 కిలోల లాగుడు చాలు. మోటారు బలం దానికి రెట్టింపు దగ్గర పెట్టండి. త్రాసు 20 దాటిందంటే బలం పెంచడం కాదు, పట్టాలు చూసుకోవాలి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు బోర్డు ఏం చేస్తుందో కూడా పరీక్షించండి. కొన్ని బోర్డులు తమ స్థానం వెతుక్కోవడానికి వాటంతటవే కదులుతాయి.

లిమిట్ స్విచ్‌లు ఎన్ని కావాలి?

ఒక్కో చివర రెండు. మామూలు స్విచ్ కప్పుని రోజూ ఆపేది. దానికి 25 మి.మీ. అవతల ఆఖరి స్విచ్, అది మోటారు కరెంటునే తెంపుతుంది. మరో 15 మి.మీ. అవతల పట్టాకి వెల్డ్ చేసిన యాంగ్లర్ ముక్క, దానికి రబ్బరు దిమ్మ. ర్యాక్ (కప్పుకి బిగించిన పళ్ళ కడ్డీ) పళ్ళు ఆ దిమ్మ దాకా ఉండాలి. లేకపోతే పినియన్ (మోటారు పళ్ళ చక్రం) ఆ పళ్ళ నుంచి జారిపోయి కప్పుకి పగ్గం ఉండదు.

ఆఖరి స్విచ్ ఒక్క దిశనే తెంపాలి. రెండు దిశలూ తెంపితే ఒకసారి తగిలాక కప్పు వెనక్కీ రాదు. డీసీ మోటారులో స్విచ్‌కి సమాంతరంగా (పారలల్) 10 ఆంపియర్ల డయోడ్ ఒకటి కలిపితే ఆ పని అయిపోతుంది, ఎదురు దిశలో కరెంటు డయోడ్ గుండా పారుతుంది. అయితే లిమిట్ స్విచ్‌గా వాడే మైక్రోస్విచ్ మీద 15 ఆంపియర్లు అని రాసి ఉండేది 250 వోల్టుల ఏసీకి. డీసీ మోటారు కరెంటుని అది అంత మోయదు, నిప్పురవ్వకి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్న స్విచ్ ఉన్నా లేనట్టే. స్విచ్‌తో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి తెంపేది) కాయిల్‌ని మాత్రమే నడిపి, మోటారు కరెంటు రిలే మీద పెట్టండి. అప్పుడు డయోడ్ రిలే కాంటాక్టులకి సమాంతరంగా వస్తుంది. లారీల్లో వాడే 24 వోల్టుల రిలే ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, దుమ్ముకీ అదురుకీ తట్టుకుంటుంది.

ఇవి కాక గోడ మీద విడిగా ఒక అయస్కాంత స్విచ్ పెట్టుకోండి. దాని పని ఒక్కటే, "కప్పు నిజంగా మూసుకుంది" అని చెప్పడం. మూయమని ఆదేశం పంపడం వేరు, కప్పు మూసుకోవడం వేరు.

టెలిస్కోపు పార్క్ కాలేదు, వాన మొదలైంది. కప్పు మూయాలా?

ఈ ప్రశ్న రాకుండా కట్టుకోవడమే అసలు బ్యాకప్. పియర్ (టెలిస్కోపు నిలబడే స్తంభం) ఎత్తు తగ్గించో, గోడలు పెంచో, టెలిస్కోపు ఏ దిక్కున ఎలా నిలబడినా కప్పు దానికి 10 సెం.మీ. పైనుంచి వెళ్ళేలా చూసుకోండి. కటకాలతో పనిచేసే 80 మి.మీ. రిఫ్రాక్టర్‌కి ఇది సులువు. అద్దంతో పనిచేసే పొడవాటి న్యూటోనియన్‌కి గోడలు బాగా లేస్తాయి, దిగంతం దగ్గరి ఆకాశం పోతుంది. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం ఉండేదే అంత కింద. ఉత్తరపు గోడ లేస్తే అది కనిపించదు. ఆ గోడ పై అడుగున్నర కీళ్ళ మీద కిందికి వాలేలా చేయించండి, లేదా ధ్రువం చూడకుండానే మౌంట్ అక్షాన్ని దానివైపు సరిచేసే పని, అంటే పోలార్ అలైన్‌మెంట్ చేసే నైనా అనే టెలిస్కోపు ప్రోగ్రామ్‌లోని మూడు బిందువుల పద్ధతి వాడండి. కొన్ని డిగ్రీల ఆకాశం పోయినా నిశ్చింత దక్కుతుంది. మా దృష్టిలో ఇది మంచి బేరం.

అలా కుదరనివారికి పార్క్ సెన్సర్లు కావాలి. రెండు అక్షాలకీ ఒక్కోటి, సీరీస్‌లో. మౌంట్ "పార్క్ అయ్యాను" అని చెప్పే మాట నమ్మవద్దు. క్లచ్ జారినా, దిశ లెక్క తప్పినా అది అదే మాట చెబుతుంది. ట్యూబు మీద చిన్న రిఫ్లెక్టర్, ఎదురు గోడ మీద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ పెట్టడం ఒక మార్గం. అక్షాల మీద అయస్కాంతం, అది దగ్గరికి వస్తే కలిసే రీడ్ స్విచ్ మరో మార్గం. రీడ్ స్విచ్ అతుక్కుపోతే ఎప్పుడూ "పార్క్" అనే చెబుతుంది. అందుకని ప్రతి సాయంత్రం అన్‌పార్క్ చేశాక ఆ సిగ్నల్ పోయిందో లేదో ప్రోగ్రామ్ చూడాలి. పోకపోతే ఆ రాత్రి పని ఆపేయాలి.

వాన వచ్చి, 90 సెకన్లలో పార్క్ సిగ్నల్ రాకపోతే సైరన్ మోగాలి, ఫోన్ మోగాలి, కప్పు మాత్రం కదలకూడదు. కప్పు గుద్దితే ట్యూబు, మౌంట్ గేర్లు, కప్పు మూడూ పోతాయి. తడిస్తే ఆరబెట్టుకునేవి కొన్నైనా మిగులుతాయి.

వాన సెన్సర్ ఏది మంచిది?

గీతలు గీతలుగా రాగి ఉన్న చవక పలక పనికిరాదు. దాని మీద ఎప్పుడూ డీసీ ఉంటుంది కాబట్టి మంచుతడికే రాగి తినేసి నల్లబడుతుంది, ఒక వానాకాలం దాటదు. పైగా మంచు పడినా, కాకి రెట్ట వేసినా వాన అంటుంది. హైడ్రియాన్ ఆర్‌జీ-11 లాంటి ఆప్టికల్ సెన్సర్ 12 వోల్టులతో నడుస్తుంది, లోపల రిలే ఉంటుంది. ఆ రిలేని కంప్యూటర్‌కి కాకుండా నేరుగా కప్పు కంట్రోలర్‌కి కలపండి. పార్క్ సెన్సర్ ఉంటే దాన్ని దాటి మూయకూడదు, అంతే.

సెన్సర్‌ని కొద్దిగా వాలుగా, చెట్టుకొమ్మ కిందికి రాకుండా బిగించండి. గుడ్డతో నెలకోసారి తుడవండి.

ఏప్రిల్, మే గాలివానల్లో వాన సెన్సర్ సరిపోతుందా?

సరిపోదు. మన వేసవి గాలివానలో చినుకు కంటే ముందు ఈదురుగాలి వస్తుంది, దుమ్ముతో సహా. చినుకు తగిలేసరికి అద్దం మీద ఇసుక పడి ఉంటుంది, మూసుకుంటున్న కప్పుని గాలి ఎదురుతోస్తుంటుంది. అందుకే ముందే పసిగట్టేవి మూడు పెట్టుకోవాలి.

ఎంఎల్‌ఎక్స్90614 చిప్ ఆకాశపు ఉష్ణోగ్రత చదువుతుంది. మబ్బు వస్తే ఆకాశం వేడిగా కనిపిస్తుంది. ఇతర దేశాలవారు రాసే హద్దులు ఇక్కడ పనికిరావు. కోస్తాలో గాలిలో తేమ వల్ల తేట ఆకాశానికీ, నేల దగ్గరి గాలికీ ఉన్న తేడా తక్కువ. పది పదిహేను రాత్రులు మీ మేడ మీద అంకెలు రాసుకుని హద్దు మీరే పెట్టుకోండి, కాలం మారినప్పుడు మార్చండి.

ఏఎస్3935 చిప్ 40 కి.మీ. దూరంలోని మెరుపుల్ని పసిగడుతుంది. మోటారు, ఎస్‌ఎంపీఎస్ రొదకి పొరబడుతుంది కనుక వాటికి రెండు మీటర్లు దూరంగా పెట్టండి. పుణె ఐఐటీఎం వారి దామిని యాప్ కూడా ఫోన్‌లో ఉంచుకోండి.

గాలివేగం మీటరు గంటకు 30 కి.మీ. దగ్గర కప్పు మూయమనాలి. ఆ వేగంలో ఫొటోలు ఎలాగూ వణుకుతాయి.

కంప్యూటర్ బిగుసుకుపోతే కప్పుకి ఎలా తెలుస్తుంది?

కంప్యూటర్ ప్రతి 10 సెకన్లకి "ఉన్నాను" అని కంట్రోలర్‌కి చెబుతుండాలి. 90 సెకన్లు ఆ మాట రాకపోతే కంట్రోలర్ తానే మూయాలి. టెలిస్కోపు పరికరాల్ని నడిపే సాఫ్ట్‌వేర్లలో ఇండి వాడేవారికి వాచ్‌డాగ్ డ్రైవర్ ఉంది, ఆస్కామ్ వాడేవారికి సేఫ్టీ మానిటర్ పద్ధతి ఉంది. అవి వాడండి, కానీ అవి కూడా కంప్యూటర్‌లోనే నడుస్తాయని గుర్తుంచుకోండి. విడిగా ఒక ఈఎస్‌పీ32 గానీ ఆర్డుయినో గానీ (చిన్న కంట్రోలర్ బోర్డులు) బ్యాటరీ మీద నడుస్తుండాలి.

ఈఎస్‌పీ32తో ఒక చిక్కు ఉంది. ఆన్ అయ్యేటప్పుడు కొన్ని పిన్నులు క్షణకాలం ఎగిసి పడతాయి, రిలే టిక్కుమంటుంది, కప్పు కదులుతుంది. రిలేలకి 0, 2, 12, 15 పిన్నులు వాడకండి. 34 నుంచి 39 దాకా పిన్నులు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటికి లోపల పిన్నుని హై స్థితిలో ఉంచే పుల్‌అప్ ఉండదు. స్విచ్ కలిపితే బయట 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. లో సిగ్నల్‌కి పనిచేసే రిలే మాడ్యూల్ అయితే దాని ఇన్‌పుట్‌కీ అలాంటిదే పెట్టండి.

పొరపాటున పగలు తెరుచుకుంటే?

తడవడం కంటే ప్రమాదం ఇదే. సూర్యుడి వైపు తిరిగి ఉన్న టెలిస్కోపు లోపలి భాగాల్ని కరిగిస్తుంది, గదిలో నిప్పంటుకోవచ్చు. పార్క్ స్థానం ఉత్తరం వైపు ఉంచండి, మూత పెట్టే అలవాటు చేసుకోండి. తెరిచే రిలే లైనులో తాళంచెవి స్విచ్ ఒకటి సీరీస్‌లో పెట్టండి. దూరం నుంచి నడిపేవారు దాని బదులు పగలు తెంపే ఫొటోసెల్ వాడవచ్చు. మూసే లైనుకి ఇవేవీ అక్కర్లేదు.

గాలికి కప్పు లేచిపోతుందా?

కట్టకపోతే తప్పకుండా లేస్తుంది. కట్టడాల మీద గాలి బలానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ప్రాథమిక గాలివేగం హైదరాబాద్‌కి సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. గాలి ఒత్తిడి వేగం వర్గానికి 0.6 రెట్లు. హైదరాబాద్‌లో చదరపు మీటరుకి సుమారు 1160 న్యూటన్లు, విశాఖలో 1500. పైకి లాగే గుణకం 1 అనుకుంటే 9 చదరపు మీటర్ల కప్పుని గాలి హైదరాబాద్‌లో సుమారు 1,065 కిలోల బలంతో, విశాఖలో 1,375 కిలోల బలంతో లేపుతుంది. కప్పు బరువు 250. మిగతాది పట్టుకోవాల్సింది మీ బిగింపులే. నాలుగు మూలలా పట్టుకుంటే ఒక్కోదాని మీద హైదరాబాద్‌లో 200 కిలోలు, విశాఖలో 280. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖవాసులకి ఈ అంకెలు అతిశయోక్తిగా అనిపించవు.

12 మి.మీ. టర్న్‌బకిల్ ఆ బరువు మోస్తుంది. ఊడేది ఎప్పుడూ వెల్డింగు, లేదా ఇటుకలో దిగిన యాంకర్ బోల్టు. బోల్టులు గోడ ఇటుకలోకి కాదు, కాంక్రీటు బెల్టులోకి దిగాలి. ఇవి మూసి ఉన్నప్పటి బిగింపులు. కదిలేటప్పుడు కూడా కప్పు లేవకుండా పట్టా కిందికి వంగిన కొక్కేలు నాలుగు ఎప్పుడూ ఉండాలి, సందు 5 మి.మీ.

మోటారుతో నడిచే గొళ్ళెం పెట్టుకుంటే, అది విడిందని స్విచ్ చెప్పేదాకా కప్పు మోటారు కదలకూడదు.

మోటారు పోతే చేత్తో ఎలా?

గేటు మోటారుకి రిలీజ్ తాళంచెవి ఉంటుంది. దాన్ని మోటారు పక్కనే గొలుసుతో వేలాడదీయండి, బీరువాలో దాచవద్దు. కప్పు రెండు చివర్లకీ 10 మి.మీ. నైలాన్ తాడు, గోడకి ఒక కప్పీ ఉంటే ఒక్క మనిషి రెండు నిమిషాల్లో మూయగలడు.

క్లచ్ విడిచిన క్షణం నుంచి కప్పుని ఆపేది ఏదీ లేదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తాడు చేతికి తీసుకున్నాకే తాళం తిప్పండి. మూసుకోగానే పట్టాలోని రంధ్రంలో ఇనుప పిన్ను దించండి. వేళ్ళు చక్రాల దారిలో పెట్టవద్దు.

తనంతట తాను మూసుకునే కప్పు కదిలే ముందు 5 సెకన్లు బజర్ మోగాలి. చేతికందే ఎత్తులో ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఒకటి మోటారు లైనులో ఉండాలి.

పిడుగుల మాటేమిటి?

మెయిన్స్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్, మంచి ఎర్తింగ్, కిందికి నెట్‌వర్క్ కేబుల్ బదులు ఆప్టికల్ ఫైబర్ లేదా వైఫై. సెన్సర్ల లైన్లకి ఆప్టోకప్లర్లు (సిగ్నల్‌ని వెలుతురుగా మార్చి దాటించే భాగాలు). వాడనప్పుడు ప్లగ్గు తీసేయడం అన్నిటికంటే నమ్మకమైనది.

కోతులు, బల్లులు, చీమలు?

కంట్రోల్ బోర్డు వెచ్చగా ఉంటుంది కాబట్టి బల్లి చేరుతుంది, రెండు టెర్మినళ్ళ మధ్య చచ్చిపోయి షార్ట్ చేస్తుంది. దుమ్ము, నీరు చొరని ఐపీ65 పెట్టె కొని, వైరు దూర్చడానికి రంధ్రం చేసి గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే బిరడా) పెట్టకుండా వదిలేస్తే ఆ పెట్టెతో ఉపయోగం లేదు. ప్రతి రంధ్రానికీ గ్లాండ్ బిగించండి. చీమలు చేరేది మూత లేని లిమిట్ స్విచ్‌ల్లో. సీల్డ్ స్విచ్ వాడితే ఆ బాధ పోతుంది. కోతులు వేలాడే ప్రతి వైరూ లాగుతాయి, కండ్యూట్‌లో వేసి అడుగడుగునా క్లాంపు కొట్టండి. ర్యాక్‌కి గ్రీజు పూయవద్దు, దుమ్ము పట్టి ఇసుక ముద్దలా తయారవుతుంది. పొడి సిలికాన్ స్ప్రే చాలు. ర్యాక్, పినియన్ మధ్య 1–2 మి.మీ. సందు ఉంచండి, కప్పు బరువు పినియన్ మీద పడకూడదు.

పరీక్ష ఎలా, ఎన్నాళ్ళకోసారి?

నెలకోసారి, టెలిస్కోపు పార్క్‌లో ఉంచి, కప్పు తెరిచి, ఒక్కో పరీక్ష విడివిడిగా చేయండి. మెయిన్ ఎంసీబీ దించండి, బ్యాటరీ మీద మూసుకోవాలి. కంప్యూటర్ పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి, 90 సెకన్లకి మూసుకోవడం మొదలవ్వాలి. వాన సెన్సర్ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టండి. పార్క్ సెన్సర్ వైరు పీకండి, కప్పు కదలకూడదు. గోడ మీది "మూసుకుంది" స్విచ్ వైరు పీకండి, సైరన్ మోగాలి. చివరగా తాడుతో మూయండి.

ఏసీ మోటారు వాడేవారు వరుసగా ఐదారుసార్లు తిప్పితే థర్మల్ కటౌట్ పడి మోటారు అరగంట కదలదు. పాడైందని కంగారు పడవద్దు, పరీక్షకీ పరీక్షకీ మధ్య పది నిమిషాలు వదలండి.

మే చివర్లో, నైరుతి రాకముందు, ఇవన్నీ మరోసారి. నెల్లూరు, ప్రకాశం వైపు వారికి అక్టోబరు మొదట్లో కూడా.

డబ్బు తక్కువ. ఏది ముందు?

తాడు, కప్పీ, పిన్ను, నాలుగు టర్న్‌బకిల్స్ ముందు. తర్వాత బ్యాటరీ. ఆపైన నేరుగా కంట్రోలర్‌కి కలిపిన వాన సెన్సర్, ఆఖరి లిమిట్ స్విచ్‌లు, పార్క్ సెన్సర్లు. మబ్బు సెన్సర్, మెరుపు సెన్సర్ చివర. అవి వచ్చేదాకా కప్పు తెరిచి ఉంచి నిద్రపోకండి, టెలిస్కోపు పక్కనే ఉండండి.